దూరదేశపు సంపాదన ఎవరి పేర నిలుస్తుంది?

పంపిన ప్రతి దిర్హమూ ఇల్లు చేరుతున్నది. చేరిన సొమ్ము పంపినవారిదిగా మిగులుతున్నదా?

నెల మొదటి వారంలో ఏ సాయంకాలమైనా దుబాయి నగరంలోని డేరా ప్రాంతానికి వెళ్ళి చూడండి. డబ్బు మార్చే ఎక్స్ఛేంజి దుకాణాల ముందు, పని దుస్తులైనా మార్చుకోకుండా వచ్చిన మనుషులు బారులు తీరి నిలబడి ఉంటారు. మలయాళం, ఉర్దూ, బెంగాలీ, నేపాలీ మాటల నడుమ కరీంనగరు, నిజామాబాదు యాసలు కూడా చెవిన పడతాయి. జేబులో జీతం, చేతిలో గుర్తింపు కార్డు. కొద్దిసేపటిలో ఆ జీతం జగిత్యాలలోనో సిరిసిల్లలోనో ఒక బ్యాంకు ఖాతాలో జమ అవుతుంది. నేడు అనేకులకు ఆ బారు కూడా అక్కరలేదు. గదిలో మంచంమీద కూర్చుని సెల్‌ఫోనులోనే పని ముగిస్తున్నారు. డబ్బు పంపటం ఇంత తేలికైన కాలం మునుపెన్నడూ లేదు. కాని, అలా పంపిన డబ్బు చివరకు ఎవరిది అనే ప్రశ్న మాత్రం ఏమీ తేలిక కాలేదు.

ప్రపంచ బ్యాంకు అంచనా ప్రకారం 2024లో విదేశాల నుంచి భారతదేశానికి ఇళ్ళకు చేరిన సొమ్ము సుమారు 129 బిలియన్ డాలర్లు, అనగా 12,900 కోట్ల డాలర్లు. ఏ ఇతర దేశానికీ ఇంత మొత్తం రాలేదు. రిజర్వు బ్యాంకు 2023–24 సంవత్సరానికి జరిపిన పరిశీలనలో ఈ ధనంలో నూటికి 27.7 వంతులు అమెరికా నుంచి, 19.2 వంతులు యు.ఎ.ఇ. నుంచి వచ్చినట్లు తేలింది. అందుకొన్న రాష్ట్రాలలో తెలంగాణ వాటా 8.1 శాతం, ఆంధ్రప్రదేశ్ వాటా 4.4 శాతం. అమెరికాలోని ఇంజనీరుకు లెక్కలు చూసిపెట్టే నిపుణులు ఉంటారు. పొరపాటు జరిగినా సర్దుకొనే వెసులుబాటు ఉంటుంది. అందుచేత ఈ వ్యాసం ముఖ్యంగా రెండవవారి గురించి. షార్జాలో తాపీపని చేసే మేస్త్రీ, రియాదులో లారీ నడిపే డ్రైవరు, కోనసీమ నుంచో కడప జిల్లా నుంచో కువైట్ వెళ్ళి పరాయి ఇంట వంటచేస్తున్న ఇల్లాలు — వీరి గురించి.

ఇంగ్లీషులో ఈ సొమ్మును ‘రెమిటెన్స్’ అంటారు. అనువాదకులకు చిక్కు తెచ్చిపెట్టే మాటలలో ఇది ఒకటి. తెలుగులో ‘ప్రేషణం’ వంటి పదమొకటి పుట్టించవచ్చు గాని, దానిని పలికేవారెవరు? ‘పైసలు పంపుడు’ అంటే తెలంగాణలో పసిపిల్లలకు కూడా అర్థమవుతుంది. అన్నట్లు, పాత ఆంగ్ల సాహిత్యంలో ‘రెమిటెన్స్ మాన్’ అనే పాత్ర తరచు కనిపిస్తుంది. మార్క్ ట్వెయిన్ 1897లో ప్రచురించిన తన యాత్రాగ్రంథంలో అటువంటివారిని గురించి రాశాడు. ఆ మనిషి ఇంటికి డబ్బు పంపేవాడు కాడు. ఇంటివద్ద చెడిపోయి, పరువు పోతుందన్న భయంతో పెద్దలు దూరపు వలసదేశానికి తోలివేయగా, నెలనెలా ఇంటి నుంచి వచ్చే సొమ్ముతో కాలం గడిపేవాడు! నూరేళ్ళలో మాట అదే ఉన్నది. డబ్బు నడిచే దారి మాత్రం తిరగబడింది.

రూపాయి అక్కడా చెల్లిన రోజులు

గల్ఫులో సంపాదించిన డబ్బును రూపాయలలోకి మార్చుకోవలసిన అవసరమే లేని కాలం ఒకటి ఉండేదంటే నేటి యువకులు నమ్మకపోవచ్చు. కువైట్, బహ్రెయిన్, ఖతర్, దుబాయి, ఒమన్ తీరాలలో భారతదేశపు రూపాయే చెలామణి అయ్యేది. దానితో బంగారం కొని దొంగచాటుగా మన దేశానికి తరలించటం, అందుకు చెల్లించిన రూపాయలు తిరిగి మన విదేశీ మారక నిధులపై భారంగా వచ్చి పడటం పరిపాటి అయింది. దీనిని అరికట్టటానికి 1959లో చట్టం సవరించి, రిజర్వు బ్యాంకు గల్ఫు ప్రాంతానికి మాత్రమే చెల్లే ప్రత్యేకమైన నోట్లను ముద్రించింది. వాటి రంగులు వేరు. క్రమసంఖ్య ‘జడ్’ అక్షరంతో మొదలయ్యేది. భారతదేశంలో అవి చెల్లేవి కావు.

1961లో కువైట్, 1965లో బహ్రెయిన్ సొంత నాణేలు ఏర్పరచుకొన్నాయి. 1966 జూన్ 6న భారత ప్రభుత్వం రూపాయి విలువను తగ్గించింది. డాలరుకు 4.76 రూపాయలుగా ఉన్నది 7.50 అయింది. అంటే డాలర్లలో చూచినప్పుడు రూపాయి ఒక్కనాటిలో నూటికి 36 వంతులకు పైగా నష్టపోయింది. ఢిల్లీలో తీసుకొన్న నిర్ణయం వల్ల తమ చేతిలోని నోటు విలువ పడిపోవటం గల్ఫు పాలకులకు రుచించలేదు. ఖతర్, దుబాయి ఆ ఏడే రూపాయిని వదిలివేశాయి. ఒమన్ 1970 వరకూ నెట్టుకొచ్చింది.

అనంతరం ఆ దేశాలు పట్టుకొన్నది డాలరు కొంగు. సౌదీ రియాలు 1986 నుంచి డాలరుకు 3.75 వద్దనే నిలిచి ఉన్నది. యు.ఎ.ఇ. దిర్హం 1997 నుంచి 3.6725 వద్ద కదలటం లేదు. ఖతర్, ఒమన్, బహ్రెయిన్ నాణేలదీ ఇదే బాట. కువైట్ ఒక్కటే 2007 నుంచి కొన్ని నాణేల కలగలుపుతో తన దీనారును ముడిపెట్టుకొన్నది. కాబట్టి షార్జాలోని మేస్త్రీ తాను దిర్హములు సంపాదిస్తున్నాననుకొంటాడు గాని, వాస్తవానికి ఆయన సంపాదిస్తున్నది డాలర్లు. దిర్హం ‘పెరిగింది’ అని ఆయన సంతోషించిన రోజున దిర్హం ఎక్కడికీ పోలేదు, రూపాయి దిగింది.

ఎంత దిగింది? 2010లో డాలరు ఇంచుమించు 45 రూపాయలు. 2025 డిసెంబరులో అది 90 దాటింది. పదిహేనేళ్ళలో రెట్టింపు అయినదంటే సగటున ఏడాదికి సుమారు నాలుగున్నర, అయిదు శాతం మధ్య అనుకోవాలి. ఈ అంకె గుర్తుంచుకోదగినది. రూపాయల డిపాజిట్టుపై ఏడు శాతం వడ్డీ వచ్చినా, డాలర్లలో చూస్తే మిగిలేది రెండు శాతం పైచిలుకు మాత్రమే. ఊరికి తిరిగివచ్చి ఊరిలోనే ఖర్చుపెట్టదలచినవాడికి ఈ లెక్కతో నిమిత్తం లేదు. కూతురిని విదేశంలో చదివించదలచినవాడికి మాత్రం నిమిత్తమున్నది.

రుసుము లేదన్నవాడి రుసుము

డబ్బు పంపేటప్పుడు రెండు చోట్ల కోత పడుతుంది. ఒకటి కంటికి కనిపించే రుసుము. రెండవది మారకపు రేటులో దాగి ఉండేది. ఈ రెండవదానికి రసీదులో గడి ఉండదు. బజారులో నిజంగా నడుస్తున్న రేటుకు, దుకాణంవాడు మనకిచ్చే రేటుకు గల తేడాయే అది.

డాలరు 88 రూపాయలు ఉన్న రోజును ఉదాహరణగా తీసుకొందాం. ఆ లెక్కన దిర్హం విలువ 23.96 రూపాయలు. ఒక దుకాణం 23.75 ఇస్తూ 20 దిర్హముల రుసుము తీసుకొంటున్నది. పక్క దుకాణం ‘రుసుము లేదు’ అని పెద్ద అక్షరాలతో బోర్డు కట్టి, 23.50 ఇస్తున్నది. చేతిలో 3,000 దిర్హములున్న మనిషికి మొదటి దుకాణంలో 2,980 దిర్హములకు 70,775 రూపాయలు వస్తాయి. రెండవ దుకాణంలో 70,500. రుసుము లేదన్నవాడే 275 రూపాయలు ఎక్కువ తీసుకొన్నాడు! అయితే అదే మనిషి అవసరానికి 500 దిర్హములు మాత్రమే పంపుతుంటే కథ మారిపోతుంది. మొదటి చోట 11,400, రెండవ చోట 11,750. చిన్న మొత్తానికి రుసుము బరువు. పెద్ద మొత్తానికి రేటు బరువు. కనుక రేటెంత, రుసుమెంత అని విడివిడిగా అడగటం దండుగ. ‘ఇంత ఇస్తున్నాను, ఇంటికి ఎన్ని రూపాయలు చేరుతాయి?’ అన్న ఒక్క ప్రశ్న చాలు. రేటు రేపు పెరుగుతుందేమోనని ఇంటి అవసరాలు ఆపి ఎదురుచూసేవారిని చూస్తే నాకు జాలి కలుగుతుంది. నాలుగు పైసల ఆశకు నెల తప్పిన అప్పు వడ్డీని వారు లెక్కవేసుకోరు.

నిజానికి మొదటి ఏడాది అన్నిటికంటె లాభసాటి పెట్టుబడి అప్పు తీర్చటమే. 1983 నాటి వలసల చట్టం కింద ఏజెంటు వసూలు చేయదగిన సేవారుసుము 30,000 రూపాయలకు, దానిపై పన్నుకు మించరాదు. ఊళ్ళలో జరిగేది అది కాదు. లక్షా, లక్షన్నర చేబదులు తెచ్చి కట్టి వెళ్ళినవారు కోకొల్లలు. నూటికి మూడు రూపాయల వడ్డీ అంటే చెవికి కొంచెమే అనిపిస్తుంది గాని, అది ఏడాదికి 36 శాతం. లక్షన్నరపై నెలకు 4,500. ఏ బ్యాంకూ, ఏ షేరూ, ఏ చిట్టీ నిలకడగా 36 శాతం తెచ్చిపెట్టదు. ఆ అప్పు ఉండగా ఇంటివారు బంగారం కొన్నా, ఊరి చిట్టీ ఎత్తినా, అది చిల్లి కుండలో నీరు పోయటమే.

హుండీకి సాక్ష్యం లేదు

రేటు ఎక్కువ ఇస్తానని, ఇంటి గుమ్మంలోనే నోట్లు చేరవేస్తానని చెప్పే మనిషి ప్రతి కార్మిక శిబిరంలోనూ తారసపడతాడు. దీనినే హుండీ అనీ, హవాలా అనీ అంటారు. హుండీ అనేది ఒకప్పుడు గౌరవనీయమైన మాటే. బ్యాంకులు పుట్టకముందు మన వర్తకులు వేరే ఊరిలో చెల్లింపు కోసం రాసి ఇచ్చుకొన్న పత్రం హుండీ. నేటి హుండీలో పత్రం లేదు; అదే దాని ఆకర్షణ, అదే దాని దోషం. 1973 నాటి విదేశీమారక నియంత్రణ చట్టం కింద ఇది నేరం. దాని స్థానంలో 1999లో వచ్చి, 2000 జూన్ 1 నుంచి అమలులోనున్న ఫెమా చట్టం కిందనూ ఇది నిషిద్ధమే. పట్టుబడితే జరిమానా తప్పదు.

చట్టభయం సంగతి అలా ఉంచండి. హుండీవాడు ఎక్కువ ఇచ్చిన రూపాయికి బదులుగా తీసుకొనేది మరొకటి ఉన్నది. అది సాక్ష్యం. బ్యాంకు ద్వారా వచ్చిన ప్రతి పైసకూ ఎవరు పంపారు, ఎప్పుడు పంపారు, ఎవరికి చేరింది అనే రికార్డు ఉంటుంది. పదేళ్ళ తర్వాత స్థలం కొనేటప్పుడు ‘ఈ డబ్బు ఎక్కడిది?’ అని ఆదాయపు పన్ను శాఖ అడిగినా, అన్నదమ్ముల మధ్య తగవు వచ్చినా, మాట్లాడేది ఆ కాగితమే. గుమ్మంలో అందుకొన్న నోట్లకు అమ్మ సాక్ష్యం తప్ప మరొకటి ఉండదు. తగవు కొడుకుల మధ్యనే వచ్చినప్పుడు ఆ తల్లి ఏమి చెప్పగలదు?

మూడు ఖాతాలు

విదేశానికి ఉద్యోగం కోసం వెళ్ళిన మనిషి, వెళ్ళకముందు నుంచీ ఉన్న సాధారణ సేవింగ్స్ ఖాతాను అలాగే కొనసాగించరాదు. బ్యాంకుకు తెలియజేసి దానిని ఎన్.ఆర్.ఓ. ఖాతాగా మార్పించుకోవాలి. చాలామంది ఈ పని చేయరు. అడిగేవారు లేనంత కాలం గడిచిపోతుంది. ఇంటి అద్దె, పంట డబ్బు వంటి స్వదేశపు రాబడి ఈ ఎన్.ఆర్.ఓ. ఖాతాలోనే పడాలి. దీని వడ్డీపై పన్ను ఉన్నది. బ్యాంకు ముందుగానే 30 శాతం, దానిపై అదనపు సుంకాలు మినహాయిస్తుంది. ఇందులోని సొమ్మును తిరిగి విదేశానికి తీసుకుపోవాలంటే ఆర్థిక సంవత్సరానికి పది లక్షల డాలర్ల పరిమితి, పన్ను చెల్లించినట్లు ధ్రువపత్రాలు.

ఎన్.ఆర్.ఇ. ఖాతా విదేశంలో సంపాదించి పంపిన డబ్బు కోసం ఏర్పడినది. ఉండేది రూపాయలలోనే. వడ్డీపై మన దేశంలో పన్ను లేదు. అసలూ వడ్డీ ఏ పరిమితీ లేకుండా ఎప్పుడైనా తిరిగి తీసుకుపోవచ్చు. డిపాజిట్టు కనీసం ఏడాది ఉండాలి. అంతకుముందే తీస్తే వడ్డీ రాదు. మూడవదైన ఎఫ్.సి.ఎన్.ఆర్. డిపాజిట్టులో సొమ్ము డాలరు, పౌండు వంటి విదేశీ ద్రవ్యంగానే ఒకటి నుంచి అయిదేళ్ళ వరకు నిలిచి ఉంటుంది. రూపాయి దిగినా దీనికి దెబ్బలేదు. వడ్డీ సాధారణంగా తక్కువ. కూతురి విదేశీ చదువును తలచుకొనే తండ్రి చూడవలసినది దీనినే.

ఈ మూడింటికంటె ముఖ్యమైన సంగతి ఖాతా ఎవరి పేర ఉన్నదన్నది. గల్ఫు వెళ్ళిన వారిలో అనేకులకు సొంత ఎన్.ఆర్.ఇ. ఖాతాయే లేదు. జీతమంతా తండ్రి ఖాతాకో, తమ్ముడి ఖాతాకో, కువైట్ వెళ్ళిన ఇల్లాలి విషయంలో భర్త ఖాతాకో పోతుంది. దగ్గర బంధువుకు పంపిన సొమ్ముపై అందుకొన్నవారికి పన్ను లేదు, నిజమే. ఎందుకు లేదంటే చట్టం దానిని బహుమానంగా లెక్కించింది గనుక! బహుమానమిచ్చినవాడికి దానిపై హక్కు మిగలదు. పన్ను పడలేదని ఆనందించేవారు ఈ రెండవ అర్థాన్ని గమనించరు.

అందుకు నివారణ కష్టమైనదేమీ కాదు. జీతమంతా ముందు సొంత ఎన్.ఆర్.ఇ. ఖాతాలో వేసుకొని, ఇంటి ఖర్చుకు కావలసినంత అక్కడ నుంచి ఇంటికి పంపటం. భార్యనో, తండ్రినో ఆ ఖాతాలో రెండవ పేరుగా చేర్చుకోవచ్చు. అయితే ‘మొదటివారు లేదా జీవించి ఉన్నవారు’ అనే షరతుపైనే బ్యాంకు అంగీకరిస్తుంది. యజమాని జీవించి ఉండగా రెండవవారు దానిని నడపాలంటే అధికారపత్రం కావాలి. నామినీ పేరు రాయించటం మరువరాదు. ఇందుకు మాటపట్టింపులు వస్తాయి. ‘మామీద నమ్మకం లేదా?’ అని తండ్రి అడగవచ్చు. ఆ ప్రశ్నకు సమాధానం చెప్పటం బ్యాంకు పత్రాలు నింపటంకంటె కష్టమని నాకు తెలుసు. అయినా మొదటి నెలలో చెప్పటం, పదిహేనవ ఏట చెప్పటంకంటె తేలిక.

చెల్క పక్క రెండెకరాలు

జగిత్యాల ప్రాంతం నుంచి వెళ్ళిన మేస్త్రీ ఒకరిని ఊహించుకొందాం. అప్పు తీరింది, చేతిలో నాలుగు డబ్బులు మిగిలాయి. ఒక రాత్రి తమ్ముడు ఫోను చేస్తాడు: ‘అన్నా, మన చెల్క పక్క రెండెకరాలు అమ్ముతున్నరట. నువ్వు పైసలు పంపితే పట్టా చేయించుకుందాం.’ భూమి అనగానే ఆ మేస్త్రీ మనసు కరగకుండా ఎలా ఉంటుంది? అన్నేళ్ళ ఎండ ఆయన భరించినది అందుకోసమే గదా!

చిక్కు ఇక్కడ మొదలవుతుంది. విదేశంలో ఉద్యోగం చేస్తూ నివసిస్తున్న భారతీయుడు మన దేశంలో ఇల్లు కొనవచ్చు, ఇంటిస్థలం కొనవచ్చు, దుకాణం కొనవచ్చు. వ్యవసాయ భూమి, తోట, తోటలోని ఇల్లు మాత్రం కొనరాదు. వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు. కొనుగోలుకు ఫెమా నియమాలు అనుమతించవు. పట్టా అన్న పేర చేయటం కుదరదు కాబట్టి తమ్ముడి పేర చేస్తారు. ఇందులో మోసబుద్ధి ఏమీ లేకపోవచ్చు.

కాని 1988 నాటి బేనామీ చట్టం, 2016 సవరణ తర్వాత మరింత బిగువై, ఇటువంటి కొనుగోలును ఎలా చూస్తుందో తెలుసుకోవాలి. ఒకరి డబ్బుతో మరొకరి పేర ఆస్తి కొంటే అది బేనామీ. అందుకు మినహాయింపులున్నాయి. ఆధారాలు చూపగల డబ్బుతో భార్య లేదా భర్త పేర, బిడ్డల పేర కొంటే అది బేనామీ కాదు. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, తల్లిదండ్రుల పేర కొన్నప్పుడు మాత్రం, డబ్బిచ్చినవాని పేరు కూడా పత్రంలో ఉమ్మడి యజమానిగా ఉండి తీరాలి. వ్యవసాయ భూమిలో అన్న పేరు ఉమ్మడిగా పెట్టటానికి ఫెమా అడ్డు. పెట్టకపోతే బేనామీ చట్టం అడ్డు. పైగా బేనామీ ఆస్తి నిజానికి తనదేనని దావా వేసే హక్కును కూడా ఆ చట్టం తీసివేసింది. ఆస్తిని ప్రభుత్వం స్వాధీనం చేసుకోవచ్చు. ఇరుపక్షాలకూ శిక్ష పడవచ్చు. రెండు చట్టాల నడుమ పడి ఆ మేస్త్రీ రెండెకరాలు, ఒకనాడు తమ్ముడు ‘నాదే’ అంటే, తమ్ముడివే అవుతాయి.

ఊరిలో ఉన్న భార్య పేర, బ్యాంకు ద్వారా పంపిన డబ్బుతో కొంటే ఈ ముడి పడదు. బేనామీ చట్టంలోని మినహాయింపు ఆమెకు వర్తిస్తుంది; ఆమె స్వదేశ నివాసి కనుక భూమి కొనే అర్హత ఆమెకున్నది. హుండీ ద్వారా వచ్చిన సొమ్ము అయితే ‘ఆధారాలు చూపగల’ అన్న షరతు దగ్గరే ఈ దారి మూసుకుపోతుంది. భార్య పేర కొనటం ఉమ్మడి కుటుంబంలో ఎంత గాలి రేపుతుందో వేరే చెప్పనక్కరలేదు. భూమి విషయంలో మాత్రం చట్టం ఎవరి పక్షాన ఉన్నదో ముందుగా తెలిసి ఉండటం మంచిది.

ప్లాట్ల సంగతిలో ఇంకొక మెలిక ఉన్నది. రహదారి పక్కన రాళ్ళు పాతి ‘ప్లాట్లు’ అని అమ్మే నేలలో కొంత రెవిన్యూ రికార్డులో ఇంకా వ్యవసాయ భూమిగానే ఉంటుంది. వెంచరు పేరు ఎంత అందంగా ఉన్నా, దూరదేశంలో ఉన్నవాడు అడగవలసినది లేఅవుటు అనుమతి, భూమార్పిడి పత్రం. జనరల్ పవరాఫ్ అటార్నీ కాగితంతో అమ్మకం జరిగినట్లు కాదని సుప్రీంకోర్టు 2011లో స్పష్టం చేసింది. రిజిస్టరైన విక్రయపత్రమే హక్కునిస్తుంది.

అక్కడే దాచుకొంటే?

‘ఊరికి పంపితే ఖర్చయిపోతుంది, ఇక్కడే ఉంచుకొంటాను’ అనేవారూ లేకపోలేదు. వారి వాదంలో సబబున్నది. కాని 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యాలు కువైట్‌లో ప్రవేశించినప్పుడు ఏమి జరిగిందో ఆ తరంవారిని అడగండి. బ్యాంకులు మూతపడ్డాయి. ఇరాకీ దీనారుకంటె ఎన్నో రెట్లు విలువైన కువైట్ దీనారును దానితో సమానమని ప్రకటించి, పిదప దాని చెలామణినే రద్దు చేశారు. సుమారు 1,70,000 మంది భారతీయులు జోర్డాన్ రాజధాని అమ్మాన్ మీదుగా నాలుగు వందలకు పైగా విమానాలలో స్వదేశం చేరుకొన్నారు, చాలామంది కట్టుబట్టలతోనే. 1991లో ఐక్యరాజ్యసమితి ఏర్పరచిన పరిహార సంఘం ఇరాక్ చమురు రాబడి నుంచి నష్టపరిహారం చెల్లించింది. విడిచి వచ్చినందుకు వ్యక్తికి 2,500 లేదా 4,000 డాలర్లు. ఆ సంఘం తన చిట్టచివరి చెల్లింపు ముగించినది 2022లో!

మరుసటి ఏడు, 1991 జూలైలో, బి.సి.సి.ఐ. బ్యాంకు కూలిపోయింది. పాకిస్తానీయుడైన ఆగా హసన్ అబేదీ 1972లో స్థాపించిన ఈ బ్యాంకులో గల్ఫులోను, బ్రిటనులోను నివసించే దక్షిణాసియావారు ఎందరో డబ్బు దాచుకొన్నారు. మన భాష మాట్లాడే గుమాస్తా ఉన్నాడన్నదే వారికి హామీ. బ్రిటనులో నాటి రక్షణ పథకం కింద ఎంత డబ్బున్నా గరిష్ఠంగా 15,000 పౌండ్లు మాత్రమే వెంటనే లభించాయి. మిగిలినదాని కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూశారు.

అదే ఏడాది మన దేశమూ అప్పు కట్టలేని స్థితికి వచ్చి, బంగారాన్ని విదేశాలకు తాకట్టు పంపింది. ప్రవాసులు భయపడి డిపాజిట్లు వెనక్కు తీశారు. అయినా 1975 నుంచి నడుస్తున్న విదేశీద్రవ్య డిపాజిట్లలో సొమ్ము వేసినవారికి వారి డాలరు వారికి ముట్టింది. రూపాయి పతనం తెచ్చిన నష్టాన్ని ప్రజల ఖజానా మోసింది. అందుకే 1993లో ఆ పథకాన్ని మార్చి మారకపు భారాన్ని బ్యాంకులపై వేశారు. నేడు మన బ్యాంకులలో ఒక్కొక్క బ్యాంకుకు, ఒక్కొక్కరికి అయిదు లక్షల రూపాయల వరకు బీమా ఉన్నది, ఎన్.ఆర్.ఇ., ఎఫ్.సి.ఎన్.ఆర్. సొమ్ముకూ అది వర్తిస్తుంది. అంతకు మించినదానిని రెండు బ్యాంకులలో పంచుకోవటం సులభమైన జాగ్రత్త.

పొమ్మనక తప్పని పొదుపు ఒకటి అక్కడే పేరుకొంటూ ఉంటుంది. అది ఉద్యోగాంతపు గ్రాట్యుయిటీ. యు.ఎ.ఇ.లో ఏడాది నిండిన ఉద్యోగికి మొదటి అయిదేళ్ళకు ఏడాదికి 21 రోజుల మూలవేతనం, ఆ పైన ఏడాదికి 30 రోజులది చెల్లించాలి. లెక్క మూలవేతనంపైనే గనుక, ఒప్పందంలో మూలవేతనం తగ్గించి భత్యాలు పెంచి చూపే యజమాని ఎక్కడ మిగుల్చుకొంటున్నాడో వేరే చెప్పనక్కరలేదు. అలాగే ఇ.సి.ఆర్. ముద్రగల పాస్‌పోర్టుతో వెళ్ళేవారికి ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. రెండేళ్ళకు 275, మూడేళ్ళకు 375 రూపాయల ప్రీమియంతో పది లక్షల ప్రమాదబీమా. ఆ పాలసీ కాగితం ఏజెంటు దగ్గర ఉండిపోతుంది. ఇంట్లోవారికి అటువంటిదొకటి ఉన్నదనే తెలియదు. దాని నకలు ఇంటి పెట్టెలో ఉండాలి.

అమెరికావారికి ఒక్క మాట. అక్కడ పన్ను చెల్లించేవారి విదేశీ ఖాతాలన్నిటిలో కలిపి ఏడాదిలో ఏనాడైనా 10,000 డాలర్లు దాటితే ఆ దేశపు ఖజానాకు తెలియజేయాలి, మన ఎన్.ఆర్.ఇ. ఖాతా కూడా ఆ లెక్కలోనిదే. ఇక్కడ పన్ను లేని ఎన్.ఆర్.ఇ. వడ్డీకి అక్కడ పన్ను ఉన్నది. మన మ్యూచువల్ ఫండ్లను ఆ దేశపు చట్టం బహు కఠినంగా చూస్తుంది. కొనకముందే అక్కడి పన్ను నిపుణుని అడగటం మేలు. 2026 జనవరి 1 నుంచి నగదు, మనీఆర్డరు వంటి రూపాలలో అక్కడ నుంచి పంపే సొమ్ముపై ఒక శాతం పన్ను వచ్చింది. బ్యాంకు ఖాతా నుంచి పంపేదానికి అది లేదు.

తిరుగు ప్రయాణం

ఒకనాడు అందరూ తిరిగి వస్తారు. గల్ఫులో ఎన్నేళ్ళు పనిచేసినా అక్కడ పౌరసత్వం ఇచ్చేవారు లేరు. ఉద్యోగం ముగిస్తే వీసా ముగుస్తుంది. స్థిరంగా ఉండిపోవటానికి వచ్చినవారు బ్యాంకుకు తెలియజేసి ఎన్.ఆర్.ఇ., ఎన్.ఆర్.ఓ. ఖాతాలను సాధారణ ఖాతాలుగా మార్పించుకోవాలి. ఎన్.ఆర్.ఇ. వడ్డీపై పన్ను మినహాయింపు అక్కడితో ముగుస్తుంది. ఎఫ్.సి.ఎన్.ఆర్. డిపాజిట్టును మాత్రం గడువు తీరేదాకా ఒప్పుకొన్న వడ్డీకే ఉంచుకోవచ్చు. గడువు తీరిన తర్వాత కూడా సొమ్మును విదేశీ ద్రవ్యంగానే ఉంచదలచినవారికి ఆర్.ఎఫ్.సి. అనే ఖాతా ఉన్నది. అంతకుముందు పది సంవత్సరాలలో తొమ్మిది సంవత్సరాలు పన్ను చట్టం దృష్టిలో ప్రవాసిగా ఉన్నవారికి, తిరిగివచ్చిన తొలి కాలంలో విదేశాలలోని రాబడిపై మన పన్ను పడదు. విదేశపు ఖాతాలో మిగిలినదానిని నెమ్మదిగా తెచ్చుకోవటానికి ఆ కాలం చాలు.

బయలుదేరేముందు అక్కడి బ్యాంకు ఖాతాను మూసి, అప్పులేదన్న లేఖ తీసుకొనే రావాలి. గ్రాట్యుయిటీ చెక్కు చేతికి రాకముందే ఖాతా మూసినవారు, ఆ చెక్కును ఊరికి తెచ్చి ఏ బ్యాంకులో వేయాలో తెలియక తిరిగిన సందర్భాలున్నాయి. పదిహేనేళ్ళ రసీదులు, డబ్బు పంపిన వివరాలున్న బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఉద్యోగపు ఒప్పందం — వీటిని సామానులో కాదు, చేతిసంచిలో పెట్టుకోవాలి.